ఇంటెలిజెన్స్‌కు చట్టం రాస్తే దర్యాప్తు అధికారి ఏ తలుపు తట్టాలి? ముసాయిదా సెక్షన్‌పై చర్చ

#1 ఎర్రసిరా

ఇంటెలిజెన్స్ బ్యూరో 1887 నుంచి ఉంది, ‘రా’ 1968 నుంచి ఉంది. ఈ రెండింటికీ పార్లమెంటు చేసిన మాతృచట్టం ఇవాళ్టికీ లేదు. 2011లో మనీశ్ తివారీ లోక్‌సభలో ప్రైవేటు బిల్లు పెట్టారు. అందులో పర్యవేక్షణ కమిటీ ఉంది, ట్రిబ్యునల్ ఉంది, అంబుడ్స్‌మన్ కూడా ఉన్నాడు. ప్రైవేటు బిల్లులకు మామూలుగా పట్టే గతే దానికీ పట్టింది. మళ్లీ ఎవరైనా రాస్తే అందులో ఒక్క సెక్షన్ ఎలా ఉండాలన్నదే ఈ చర్చ. నేరం దర్యాప్తు చేస్తున్న పోలీసుకు ఇంటెలిజెన్స్ విభాగం బీరువాలో ఉన్న కాగితం కావాల్సి వచ్చింది. ఎవరిని అడగాలి? వాళ్లు కుదరదంటే తరవాత ఏం చేయాలి?

నా ముసాయిదా ఇది. మొహమాటం లేకుండా ఉతకండి.

“(1) ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాన్ని దర్యాప్తు చేసే అధికారి, డీఎస్పీ హోదాకు తగ్గనివారు, నిర్దిష్టమైన రికార్డును రాతపూర్వకంగా కోరవచ్చు. (2) విభాగాధిపతి 15 రోజుల్లో ఇవ్వాలి, లేదా కారణాలు రాసి నిరాకరించాలి. (3) నిరాకరణపై హైకోర్టు న్యాయమూర్తి రికార్డు తెప్పించుకుని చూసి తేలుస్తారు. (4) సమాచారదారుడి గుర్తింపును గానీ, సాంకేతిక పద్ధతిని గానీ వెల్లడించమని ఎవరూ ఆదేశించరాదు.”

#2 నాంపల్లి_నోట్‌బుక్

ముందు ఇప్పుడున్న గోడ ఎంత ఎత్తో చూద్దాం. బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నేర ప్రక్రియ చట్టం) 94 కింద పోలీసు ఏ పత్రమైనా తెమ్మని నోటీసు ఇవ్వొచ్చు. కానీ అదే సెక్షన్‌లో సాక్ష్య అధినియం 129, 130లకు మినహాయింపు ఉంది. 129 ప్రకారం ప్రభుత్వ వ్యవహారాలకు చెందిన ప్రచురించని రికార్డు నుంచి సాక్ష్యం ఇవ్వాలంటే ఆ శాఖాధిపతి అనుమతి కావాలి. అంటే ఆరోపణ ఆ శాఖాధిపతి మీదే ఉన్నా అనుమతి అడగాల్సింది ఆయన్నే. తాళం దొంగ దగ్గరే ఉంచి, తియ్యమని దరఖాస్తు పెట్టుకున్నట్టు.

కోర్టు చేతులు మాత్రం పూర్తిగా కట్టేసి లేవు. 1975 రాజ్ నారాయణ్ కేసులో ప్రధాని భద్రత ఏర్పాట్ల ‘బ్లూ బుక్’ గురించి వాదన వచ్చినప్పుడే, రహస్యమని అఫిడవిట్ వేసినంత మాత్రాన సరిపోదని, అవసరమైతే కోర్టు స్వయంగా పత్రం చూడొచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. 1981 ఎస్పీ గుప్తా తీర్పు ఇంకో మెట్టు ఎక్కింది. కాబట్టి మీ (3) కొత్త విషయమేమీ కాదు. కొత్తదల్లా గడువు. మీ 15 రోజుల్లోనే ఉంది చిక్కు.

#3 కేస్‌డైరీ

15 రోజుల్లో హార్డ్ డిస్క్ ఉండదు సార్. ముసాయిదాలో మొదటి క్లాజు “అడగడం” కాదు, “చెరపకుండా ఆపడం” అయి ఉండాలి.

ఎందుకంటే ఇంటర్‌సెప్షన్ (ఫోన్ మాటలు మధ్యలో వినడం) రికార్డులను చెరపడం నేరం కాదు, నియమం. టెలిగ్రాఫ్ నిబంధనల్లోని పాత 419ఏ రూలులోనూ, టెలికమ్యూనికేషన్స్ చట్టం కింద 2024 డిసెంబర్‌లో వచ్చిన కొత్త నిబంధనల్లోనూ విభాగం ప్రతి 6 నెలలకు రికార్డులు ధ్వంసం చేయాలనే ఉంది. టెలికాం కంపెనీకి ఇచ్చిన గడువు ఇంటర్‌సెప్షన్ ఆగాక 2 నెలలు. “విధి నిర్వహణకు అవసరమైతే తప్ప” అని ఒక మినహాయింపు ఉంది. ఆ అవసరం ఉందో లేదో తేల్చేది మళ్లీ ఆ విభాగమే.

అత్యవసర ఆర్డర్ల సంగతి ఇంకా విచిత్రం. రాష్ట్రంలో ఐజీ స్థాయి అధికారి ముందుగా ఇంటర్‌సెప్షన్ మొదలుపెట్టొచ్చు. 7 పనిదినాల్లో హోం సెక్రటరీ ఖరారు చేయకపోతే ఆపెయ్యాలి. విన్నది కోర్టులో వాడకూడదు. కొత్త నిబంధనల ప్రకారం 2 పనిదినాల్లో కాపీలు ధ్వంసం చేయాలి. పౌరుడి మాటలు ఎవరి చేతిలోనూ పడకూడదన్న ఉద్దేశం మంచిదే. కానీ అక్రమంగా విన్నారని రేపు ఎఫ్‌ఐఆర్ అయితే సాక్ష్యం ఎక్కడుంటుంది? కాపాడడానికి పెట్టిన నియమమే నేరం జాడను తుడిచేస్తోంది.

మన ఊళ్లో ఇది ఊహ కూడా కాదు. 2024 మార్చిలో పంజాగుట్ట స్టేషన్‌లో నమోదైన ఫోన్ ట్యాపింగ్ కేసు మొదలైందే స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచ్ (ఎస్‌ఐబీ)లో హార్డ్ డిస్క్‌లు ధ్వంసం చేశారన్న ఆరోపణతో. కేసు నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. మన ముసాయిదాకు మాత్రం ప్రశ్న స్పష్టం: ఏది చట్టప్రకారం ధ్వంసం, ఏది సాక్ష్యం మాయం? రెండింటినీ వేరుచేసే గీత ఇప్పుడు ఏ కాగితం మీదా లేదు.

#4 గాలివార్త

అంటే “రూలు ప్రకారమే కాల్చాం” అన్నది సమాధానమూ అవుతుంది, నేరాంగీకారమూ అవుతుంది. బాగుంది.

#5 మూడో_రిజిస్టర్

మాటలు చెరిపినా ఆర్డరు జాడ అంత తేలిగ్గా పోదు. ఒక ఆర్డరు కనీసం నాలుగు చోట్ల గుర్తు వదులుతుంది. హోం శాఖ ఫైలు ఒకటి. 7 పనిదినాల్లో కాపీ వెళ్లాల్సిన రివ్యూ కమిటీ ఒకటి, రాష్ట్రంలో దానికి చీఫ్ సెక్రటరీ అధ్యక్షుడు. విభాగం నోడల్ అధికారి రిజిస్టర్ మూడోది. కంపెనీ నోడల్ అధికారి రిజిస్టర్ నాలుగోది. 419ఏలో కంపెనీ ప్రతి 15 రోజులకు తనకు అందిన ఆర్డర్ల జాబితాను ఆయా విభాగాలకు పంపి, ఇవి నిజమైనవేనా అని సరిచూసుకోవాలని ఉండేది. దొంగ ఆర్డరు పట్టుబడేది అక్కడే. కంపెనీ జాబితాలో ఉండి హోం శాఖ ఫైల్లో లేని నంబరు కనబడితే ఇక దర్యాప్తుకు వేరే ఆధారం వెతకక్కర్లేదు.

రెండు బలహీనతలు చెప్పాలి. ధ్వంసం నియమం ఆర్డరు కాగితాలకు కూడా వర్తిస్తుంది, కాబట్టి నాలుగు జాడలూ కాలక్రమంలో పోయేవే. ఇక ప్రభుత్వమే నేరుగా ఫోన్లు వినే సెంట్రలైజ్డ్ మానిటరింగ్ సిస్టమ్ వచ్చాక ఆర్డరు ప్రతిసారీ కంపెనీ మనిషి చేతిలో పడాల్సిన పనిలేదు. నాలుగో రిజిస్టర్ అలా ఎండిపోతోంది.

నా సూచన: చట్టంలోనే రికార్డును రెండుగా చీల్చండి. విన్న మాటలు, వాటి రాతప్రతులు ఒక భాగం, వాటిని గడువుకు ధ్వంసం చేయండి. ఆర్డరు నంబరు, ఎవరిచ్చారు, ఏ నంబరు మీద, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఎప్పుడు ధ్వంసం చేశారు, ఎవరి సంతకం అన్నది రెండో భాగం. అది 10 ఏళ్లు ఉండాలి, అదీ విభాగం దగ్గర కాదు, హైకోర్టు రిజిస్ట్రీ దగ్గర.

#6 లక్డీకాపూల్

రెండో భాగంలో ప్రమాదం లేదనుకుంటున్నారు. ఉంది. ఏ నంబరు మీద ఏ తేదీ నుంచి నిఘా పెట్టారో తెలిస్తే, ఆ తేదీకి ముందు రోజు ఆ మనిషి ఎవరెవరిని కలిశాడో అతనికి గుర్తుంటుంది. నలుగురిలో ఇద్దరు బంధువులైతే మిగిలిన ఇద్దర్లో సోర్స్ ఎవరో తేల్చుకోవడానికి కోర్టు అక్కర్లేదు. తేదీ, వేళ, చోటు ఈ మూడూ చాలు. పేరు కొట్టేసి ఇచ్చాం అనుకోవడం మన తృప్తి కోసమే.

ఇంకోటి, పోలీసు దారిలో ఎన్ని చేతులు ఉన్నాయో లెక్కపెట్టండి. దర్యాప్తు అధికారి, స్టేషన్ రైటర్, కంప్యూటర్ ఆపరేటర్, ఏసీపీ ఆఫీసు, పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) ఆఫీసు, కోర్టు బెంచ్ క్లర్క్, కాపీయింగ్ సెక్షన్. ఎఫ్‌ఐఆర్ 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలన్నది 2016 సుప్రీంకోర్టు ఆదేశం. సున్నితమైన కేసులకు మినహాయింపు ఉంది గానీ, ఆ నిర్ణయం డీఎస్పీ తీసుకోవాలి, తీసుకోవడం మరిచిపోతే ఊరంతా చదువుతుంది.

బీఎన్‌ఎస్‌ఎస్ 105 చదివారా? ప్రతి సోదానూ వీడియో తీయాలి, వీలైతే సెల్‌ఫోన్‌తో, తీసింది ఆలస్యం లేకుండా మేజిస్ట్రేట్‌కు పంపాలి. ఇంటెలిజెన్స్ ఆఫీసులో సోదా చేస్తూ ఒక ఎస్సై ఫోన్ పట్టుకుని గదంతా తిప్పితే, గోడ మీద చార్టు, తెరిచి ఉన్న స్క్రీన్, అక్కడ కూర్చున్న వాళ్ల ముఖాలు అన్నీ ఫైల్లోకి వస్తాయి. తీయకపోతే జప్తు చెల్లదని డిఫెన్స్ అంటుంది.

విదేశీ సంస్థ ఇచ్చిన సమాచారం సంగతి ముసాయిదాలో అసలు లేదు. అది ఇచ్చేటప్పుడే “మా అనుమతి లేకుండా మూడో చేతికి పోకూడదు” అన్న షరతుతో వస్తుంది. ఒక్కసారి కోర్టులో పడిందంటే తరవాతి సమాచారం రాదు.

#7 కేస్‌డైరీ

వీడియో పాయింట్ ఒప్పుకుంటాను. ఫోన్‌తో కాకుండా కోర్టు నియమించిన ఒక్క అధికారి, నెట్‌కు కలపని కెమెరాతో తీసి, మెమరీ కార్డును అక్కడికక్కడే సీలు వేసి నేరుగా హైకోర్టు న్యాయమూర్తికి పంపేలా రాయండి. 105 ఉద్దేశం దర్యాప్తు అధికారి సాక్ష్యాన్ని సృష్టించకుండా చూడడం. ఆ పని దీంతో కూడా అవుతుంది.

చేతుల లెక్క మాత్రం రెండువైపులా కోస్తుంది అన్నా. సోర్స్ పేరు పోలీసుకు నిజంగా కావాల్సింది చాలా తక్కువ సార్లు. “ఈ ఆర్డరు ఉందా లేదా, సంతకం ఎవరిది” అన్నది కావాలి. దానికి కూడా జాతీయ భద్రత అంటే ఎలా?

#8 పీపీ_పాతబస్తీ

ఎర్రసిరా గారూ, మీ సెక్షన్ ఒకవైపే చూస్తోంది. రోజువారీ కోర్టుల్లో కనబడేది ఎదురు ప్రవాహం. ఇంటెలిజెన్స్ నుంచి కబురు వస్తుంది, పోలీసు పట్టుకుంటాడు, పంచనామాలో “విశ్వసనీయ సమాచారం మేరకు” అని రాస్తాడు. ఆ మూడు మాటల వెనక ఏముందో చెప్పమని పోలీసును బలవంతపెట్టకూడదని సాక్ష్య అధినియం 131 చెబుతుంది. సమాచారం ఇచ్చినవాణ్ని కాపాడడానికి అది అవసరమే. కానీ అదే ముసుగులో అక్రమ ట్యాపింగ్‌తో తెలిసింది కూడా “విశ్వసనీయ సమాచారం” అయిపోతుంది. తరవాత దొరికిన సరుకు అసలైనదే కాబట్టి కేసు నిలబడుతుంది.

మన కోర్టులు దీనికి తలుపు తెరిచే ఉంచాయి. 1973 మల్కానీ కేసు, 2005 పార్లమెంటు దాడి కేసు తీర్పు రెండూ, సేకరించిన తీరు తప్పైనంత మాత్రాన సాక్ష్యం పనికిరాకుండా పోదన్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో మన హైకోర్టు వేరే మాట అంది. కారణాలు రాయని, రివ్యూ కమిటీకి వెళ్లని ఆర్డరుతో విన్నది వాడకూడదంది. ఏఐఆర్ 2007 ఏపీ 102 చూడండి. 2025 జులైలో మద్రాసు హైకోర్టు కూడా లంచం కేసు కోసం ఫోన్ వినడం “ప్రజా అత్యవసర పరిస్థితి” కిందికి రాదంది.

సరైన నమూనా ఒకటి మన దగ్గరే ఉంది, ఎవరూ పట్టించుకోరు: ఉగ్రవాద కేసుల్లో వాడే యూఏపీఏ చట్టం సెక్షన్ 46. విన్న సంభాషణ సాక్ష్యంగా రావాలంటే విచారణకు కనీసం 10 రోజుల ముందు ఆ ఆర్డరు కాపీ ముద్దాయికి ఇచ్చి ఉండాలి. అంత కఠినమైన చట్టంలోనే ఆర్డరు చూపించగా లేనిది మిగతా చోట్ల ఎందుకు దాచాలి? ఆర్డరు బయటపడితే దేశం కూలదని యూఏపీఏ రాసినవాళ్లే ఒప్పుకున్నట్టు కదా.

#9 లక్డీకాపూల్

46లోనే 10 రోజుల గడువును జడ్జి మాఫీ చేయొచ్చని కూడా ఉంది, చెప్పడం మరిచారు. బ్రిటన్ దారి కూడా చూడండి. 2016 ఇన్వెస్టిగేటరీ పవర్స్ చట్టం సెక్షన్ 56 ప్రకారం విన్న మాటలను, కొన్ని మినహాయింపులు తప్ప, కోర్టు ముందుకే తేకూడదు. ఇంటెలిజెన్స్ పని ఇంటెలిజెన్స్‌ది, సాక్ష్యం వేరే వెతుక్కోండని. గొడవే లేదు.

#10 నాంపల్లి_నోట్‌బుక్

గొడవ లేకపోవడం కాదు, కనబడకపోవడం. ముద్దాయికి అనుకూలమైన సంభాషణ ఉన్నా అక్కడ బయటికి రాదు.

నాకు నచ్చింది అమెరికా 1980 చట్టం, రహస్య పత్రాల విచారణ పద్ధతికి చేసినది. అందులో మొత్తం పత్రం ఇవ్వక్కర్లేదు. పేర్లు తీసేసిన ప్రతి, సారాంశం, లేదా “ఈ వాస్తవాన్ని ఒప్పుకుంటున్నాం” అన్న ప్రకటన ఇవ్వొచ్చు, ముద్దాయి తన వాదన చెప్పుకోవడానికి అది దాదాపు సమానంగా పనికొస్తే చాలు. పనికిరాదని కోర్టు తేల్చినా ప్రభుత్వం ఇవ్వనంటే? ఇవ్వకపోవచ్చు. కానీ మూల్యం చెల్లించాలి. కోర్టు ఆ అభియోగాన్ని కొట్టెయ్యొచ్చు, ఆ అంశం ప్రభుత్వానికి వ్యతిరేకంగా తేలినట్టు ప్రకటించొచ్చు, సంబంధిత సాక్షి వాంగ్మూలాన్ని తీసెయ్యొచ్చు. రహస్యం మీ హక్కే, దాని ఖర్చు మాత్రం ముద్దాయి ఖాతాలో వెయ్యొద్దు. మీ ముసాయిదాలో ఈ మూల్యం క్లాజు లేనంతకాలం (2) కింద అన్నింటికీ ‘నిరాకరణ’ ముద్ర పడుతుంది. ముద్ర వేసినందుకు పోయేదేం లేదు కదా.

ఇక (3)లో “న్యాయమూర్తి చూసి తేలుస్తారు” అన్నారు, ఎదుటిపక్షం లేకుండా. అది సీల్డ్ కవరే (ఎదుటిపక్షానికి చూపకుండా జడ్జికి మాత్రమే ఇచ్చే కాగితం), పేరు మార్చారంతే. 2023 ఏప్రిల్ 5న మీడియావన్ తీర్పులో సుప్రీంకోర్టు దాన్నే తప్పుపట్టింది. ఆ బెంచిలో ఒకరు మన హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన హిమా కోహ్లీ గారు. దర్యాప్తు సంస్థల నివేదికలన్నిటికీ గంపగుత్తగా రహస్యం వర్తించదన్నారు. కొంత భాగం నల్లరంగు పూసి ఇవ్వొచ్చా, అమికస్ (కోర్టుకు సాయపడే తటస్థ లాయరు) చేత చూపించొచ్చా అని ముందు చూడమన్నారు. కాబట్టి (3)లో అమికస్ తప్పనిసరి చేయండి. హైకోర్టు తయారుచేసిన జాబితా నుంచి, రహస్య ప్రమాణం చేసిన సీనియర్ లాయరు. రికార్డు చూడకముందు ముద్దాయి లాయరుతో ఎంతసేపైనా మాట్లాడొచ్చు, చూశాక కోర్టు అనుమతితోనే.

#11 హాష్‌వాల్యూ

చట్టం సరే, డిస్క్ ఎలా పట్టుకోవాలో ఎవరూ మాట్లాడడం లేదు. నష్టం జరిగేది అక్కడే.

ఎన్‌క్రిప్ట్ చేసిన సర్వర్‌ను సోదా రోజే స్విచ్ ఆపేస్తే కీ మెమరీతోపాటు పోతుంది, తరవాత రామంతాపూర్‌లోని కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబ్‌కు ఇచ్చినా, రెడ్‌హిల్స్‌లోని రాష్ట్ర ల్యాబ్‌కు ఇచ్చినా దొరికేది చెత్తే. ముందు నడుస్తుండగానే మెమరీ కాపీ తీయాలి. ఎక్కువ డిస్క్‌లు కలిపిన రెయిడ్ అయితే ఏ డిస్క్ ఏ గాడిలో ఉందో నంబరు రాసుకోకుండా పీకితే మళ్లీ కూర్చడం నరకం. ఎస్‌ఎస్‌డీ అయితే రైట్ బ్లాకర్ (డిస్క్ మీద ఏమీ రాయనివ్వని పరికరం) పెట్టినా లోపలి కంట్రోలర్ చెరిపిన బ్లాకులను తానే శుభ్రం చేసుకుంటూ పోతుంది, కాబట్టి కరెంటు ఇచ్చిన ప్రతి నిమిషమూ నష్టమే. 4 టీబీ డిస్క్‌ను సెకనుకు 150 ఎంబీ చొప్పున కాపీ తీస్తే ఏడున్నర గంటలు, సరిచూడడానికి మరో ఏడున్నర. ఆ 15 గంటలు గదిలో ఎవరుండాలో చట్టం చెప్పదు.

సాక్ష్య అధినియం 63(4) సర్టిఫికెట్ ఇంకో తలనొప్పి. పార్ట్ ఏ మీద ఆ పరికరం బాధ్యుడు, పార్ట్ బీ మీద నిపుణుడు పేరు రాసి సంతకం పెట్టాలి, హాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంకేతం, ఒక్క అక్షరం మారినా మారిపోతుంది) రాయాలి. ఇంటెలిజెన్స్ యంత్రానికి బాధ్యుడు సంతకం పెడితే అతని పేరు కేసు ఫైల్లో శాశ్వతం. అందుకే విభాగానికి ఒక ప్రకటిత సంతకం అధికారి ఉండాలి. అసలు ఆపరేటర్ కోడ్ నంబరుతో అతనికి రాసిస్తే చాలు, కోడ్‌కు తాళంచెవి న్యాయమూర్తి దగ్గర.

నల్లరంగు పూయడంలో జరిగే పొరపాటు: పీడీఎఫ్ మీద నల్ల పెట్టె గీస్తారు, కింద అక్షరాలు అలాగే ఉంటాయి, కాపీ పేస్ట్ చేస్తే చదవొచ్చు. ప్రింటు తీసి, నలుపు చేసి, మళ్లీ స్కాన్ చెయ్యాలి. హాష్ రెండుసార్లు, మూలానికొకటి, నలుపు చేసిన ప్రతికొకటి. రెండో దానికే హాష్ తీస్తే, ఏ మూలం నుంచి వచ్చిందో రేపు ఎవరూ నిరూపించలేరు.

#12 మూడో_రిజిస్టర్

హాష్‌వాల్యూ గారి పద్ధతి నా రెండో భాగానికి కూడా సరిపోతుంది. ప్రతి నెలాఖరుకూ రిజిస్టర్ హాష్ ఒక్కటే హైకోర్టుకు పంపినా చాలు. లోపల ఏముందో కోర్టుకు తెలియదు, లక్డీకాపూల్ గారి భయం తీరుతుంది. కానీ తరవాత ఒక్క గీత మార్చినా పట్టుబడుతుంది.

#13 లక్డీకాపూల్

హాష్ మాత్రమే అయితే నాకు అభ్యంతరం లేదు. రిజిస్టర్ విభాగం దగ్గరే ఉండాలి.

#14 గాలివార్త

రివ్యూ కమిటీ ఉండగా ఇవన్నీ ఎందుకు అని ఎవరూ అనలేదేం?

#15 పీపీ_పాతబస్తీ

అనకపోవడానికి కారణం లెక్క. తెలంగాణ కమిటీ అంటూ మనం గుర్తుపెట్టుకున్న శ్రీకృష్ణ గారే 2018లో డేటా రక్షణ నివేదిక కూడా ఇచ్చారు. రెండు నెలలకోసారి కూర్చునే కేంద్ర రివ్యూ కమిటీ ముందుకు ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఆర్డర్లు వస్తాయని అందులో ఉంది. మూడు గంటలు కూర్చున్నారనుకుందాం, 10,800 సెకన్లు. ఒక్కో ఆర్డరుకు సెకను కూడా రాదు. పైగా ఆర్డరిచ్చేదీ, సమీక్షించేదీ ప్రభుత్వ కార్యదర్శులే.

#16 కేస్‌డైరీ

మంజూరు సంగతి కూడా పెట్టండి. రికార్డు దొరికి అధికారి మీద ఛార్జిషీట్ రాసినా, విధి నిర్వహణలో చేసిన పని అంటే ప్రాసిక్యూషన్‌కు ప్రభుత్వ అనుమతి కావాలి. ఇష్రత్ జహాన్ కేసులో సీబీఐ ఐబీ అధికారుల మీద ఛార్జిషీట్ వేసింది, 2015లో కేంద్రం అనుమతి ఇవ్వలేదు, అక్కడితో ఆగింది. ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 218లో 120 రోజుల్లో తేల్చకపోతే ఇచ్చినట్టే అని ఉంది. ఇంటెలిజెన్స్ బిల్లులో ప్రత్యేక మంజూరు క్లాజు పెట్టారంటే ఆ 120 రోజులు గల్లంతే. మన సెక్షన్‌లో “218కి భంగం లేకుండా” అన్న మూడు మాటలు వేయండి.

#17 నాంపల్లి_నోట్‌బుక్

అన్నిటికంటే పెద్ద గొయ్యి ఇంకా ఎవరూ చూడలేదు. ఈ సెక్షన్‌ను ఇంటెలిజెన్స్ బిల్లులో పెడితే మన ఎస్‌ఐబీకి వర్తించదు! కేంద్ర జాబితా 8వ పద్దు కేంద్ర ఇంటెలిజెన్స్ బ్యూరో గురించే. రాష్ట్ర ఇంటెలిజెన్స్ విభాగం పోలీసులో భాగం, పోలీసు రాష్ట్ర జాబితా 2వ పద్దు. పంజాగుట్ట కేసు లాంటిది రేపు వస్తే ఢిల్లీలో చేసిన చట్టం ఇక్కడ చదవడానికే పనికొస్తుంది.

నేర ప్రక్రియ ఉమ్మడి జాబితా 2వ పద్దు, సాక్ష్యం 12వ పద్దు. కాబట్టి ఇది ఇంటెలిజెన్స్ బిల్లులో సెక్షన్‌గా కాదు, బీఎన్‌ఎస్‌ఎస్ 94 తరవాత 94ఏగా, సాక్ష్య అధినియం 129కి ఒక మినహాయింపుగా రావాలి. అప్పుడు కేంద్ర విభాగమైనా, హైదరాబాద్ లక్డీకాపూల్‌లో కూర్చున్న రాష్ట్ర విభాగమైనా ఒకటే.

#18 ఎర్రసిరా

సరే, ముసాయిదా తలకిందులైంది. 94ఏగా మళ్లీ రాశాను:

“(1) దర్యాప్తు అధికారి నోటీసు అందిన క్షణం నుంచి, ధ్వంసం గురించి ఏ నిబంధన ఏమి చెప్పినా, పేర్కొన్న రికార్డును యథాతథంగా ఉంచాలి, 72 గంటల్లో దాని హాష్ విలువను హైకోర్టు రిజిస్ట్రార్‌కు పంపాలి. (2) ఆర్డరు ఉనికి, తేదీ, సంతకందారు వివరాలను 7 రోజుల్లో ఇవ్వాలి. వీటిపై నిరాకరణ న్యాయమూర్తి అనుమతితోనే. (3) మిగతా రికార్డుపై నిరాకరణను న్యాయమూర్తి అమికస్ సమక్షంలో 30 రోజుల్లో తేల్చాలి. పూర్తి పత్రానికి బదులు నలుపు చేసిన ప్రతి లేదా సారాంశం సరిపోతుందా అన్నది మొదట చూడాలి. (4) ఆదేశించినా ఇవ్వకపోతే ఆ అంశం ప్రభుత్వానికి వ్యతిరేకంగా తేలినట్టే. (5) నిందితుడు ఆ విభాగం అధికారే అయితే 129 కింద అనుమతి ఆ విభాగాధిపతి నుంచి కాక హైకోర్టు నుంచి. (6) 218కి భంగం లేదు.”

#19 లక్డీకాపూల్

(2)లో తేదీ తీసేసి “నెల” అని పెట్టండి. మిగతాదానికి సంతకం పెడతాను. విదేశీ సమాచారం ఇంకా వదిలేశారు.

#20 కేస్‌డైరీ

నెల అంటే కుదరదు. 7 పనిదినాల గడువు దాటిందో లేదో నెలతో ఎలా లెక్కపెట్టాలి?

#21 హాష్‌వాల్యూ

ఇద్దరికీ ఒక దారి. అసలు తేదీలు న్యాయమూర్తికి, దర్యాప్తు అధికారికి నెల. ఆర్డరుకూ ఖరారుకూ మధ్య ఎన్ని పనిదినాలు గడిచాయో ఒక్క అంకె రిజిస్ట్రార్ సర్టిఫికెట్‌గా ఇస్తే మీ లెక్క తేలుతుంది. విదేశీ సమాచారాన్ని (3)లో “షరతుతో వచ్చినది” అని విడిగా రాసి, దానికి సారాంశం మాత్రమే అనండి.

#22 ఎర్రసిరా

ఆ రెండూ చేర్చాను. (4)తోనే ఇబ్బంది. అది ముద్దాయి మామూలు మనిషైనప్పుడు బాగానే పనిచేస్తుంది. (5)లోలాగా ముద్దాయి ఇంటెలిజెన్స్ అధికారే అయితే, విభాగం రికార్డు తొక్కిపట్టి కేసు ఓడిపోతే లాభపడేది అతనే. పీపీ గారూ, ఆ సందర్భానికి (4) తిరగేసి రాసివ్వగలరా?

#23 పీపీ_పాతబస్తీ

తిరగేసి రాయకూడదు. వ్యతిరేక నిర్ధారణను ముద్దాయి మీదికి నెడితే మొదటి వాయిదాకే కొట్టేస్తారు, రికార్డు తొక్కిపట్టింది విభాగం, అతను కాదు కదా. అక్కడ (4)కు బదులు తొక్కిపట్టిన అధికారి మీద సాక్ష్యం మాయం చేసిన నేరం కింద విడిగా కేసు, దానికి 218 అనుమతి అక్కర్లేదని ఒక వివరణ. (4)లో “నిందితుడు ఆ విభాగం అధికారి కానప్పుడు” అని మొదట్లో చేర్చండి, ఈ వివరణను (6) కింద వేయండి.